మట్టిని రాయి చేసే సూక్ష్మజీవులు

మట్టిని గట్టిపరచి గూడు కట్టుకొనడం మానవుడు నేర్చిన తొలి విద్యలలో ఒకటి. అనంతపురం జిల్లా బెళుగుప్ప ప్రాంతపు పాత ఇండ్లను చూసినవారికి ఆ విద్య ఎంత ప్రాచీనమో బోధపడుతుంది. రాతిగోడలపై దూలాలు పరచి, పైన చవుటిమన్ను మెత్తిన మిద్దెలు ఆ సీమ వాస్తుసంపద. తడిసిన చవుడు బిగుసుకొని నీటిని క్రిందికి దిగనీయదు. ఇక కోటలు, గుడులు కట్టినవారు గానుగలో నూరిన సున్నానికి బెల్లపునీరు, కరక్కాయ రసం చేర్చేవారు. మట్టికీ రాతికీ తగిన బంధకమేదన్నదే వారందరి అన్వేషణ.

ప్రకృతి ఆ బంధకాన్ని తానుగానే తయారుచేస్తున్నది. నల్లరేగడి చేలో నాగలికి తగిలే తెల్లని సున్నపు గడ్డలు రైతు ఎరిగినవే. వాన తక్కువైన నేలలో సున్నం కొట్టుకొనిపోక, క్రింది పొరలలో పేరుకొని గడ్డకడుతుంది. ఈ పనిలో సూక్ష్మజీవులకు కూడా పాలు ఉన్నదని శాస్త్రజ్ఞుల అభిప్రాయం.

ఈ జ్ఞానం ఒక్కనాడు లభించినది కాదు. 1889లో ఫ్రాన్సు దేశీయుడు పియేర్ మికెల్, యూరియాను విడగొట్టే ఒక సూక్ష్మజీవిని వర్ణించి దానికి పాశ్చర్ పేరు పెట్టినాడు. ఆ పనికి సాధనమైన యూరియేజ్ అనే ఎంజైమును 1926లో అమెరికా శాస్త్రజ్ఞుడు జేమ్స్ సమ్నర్ తమ్మకాయ జాతి గింజలనుండి స్ఫటికరూపంలో వేరుచేసినాడు. ఆ కృషికి 1946లో ఆయనకు నోబెల్ బహుమానంలో భాగం లభించినది. తగిన ఆహారం దొరికితే నేలలోని అనేక బాక్టీరియాలు సున్నపు స్ఫటికాలను కట్టగలవని 1973లో స్పెయిన్ పరిశోధకులు ప్రకటించినారు.

దీని మర్మం సులభమైనదే. ఇసుకలోనికి బాక్టీరియాను, యూరియాను, కాల్షియం లవణాన్ని నీటితో పంపుతారు. బాక్టీరియా యూరియాను విడగొట్టగా అమ్మోనియా, కార్బనేటు పుడతవి. కార్బనేటు కాల్షియంతో కలసి, సున్నపురాయిలో ఉండే పదార్థమే అయి, రేణువుల సందులలో పేరుకొని వాటిని అతుకుతుంది. సిమెంటుకు సుమారు 1450 డిగ్రీల కొలిమి కావలెను. దీనికి మామూలు వేడిమి చాలును.

2004లో ఆస్ట్రేలియాలోని మర్డాక్ విశ్వవిద్యాలయంలో విక్టోరియా విఫిన్ ఈ విధానాన్ని తన పరిశోధనా గ్రంథంలో విపులంగా పరిశీలించినది. నెదర్లాండ్స్‌లో 100 ఘనమీటర్ల ఇసుకపై 16 దినాలు జరిపిన ప్రయోగ ఫలితాలు 2010లో వెలువడినవి. 2020లో బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ, ఇస్రో శాస్త్రజ్ఞులు చంద్రుని మట్టిని పోలిన పొడికి ఈ బాక్టీరియాను, యూరియాను, మన గోరుచిక్కుడు గింజల జిగురును చేర్చి ఇటుకలు చేసినారు.

చంద్రుని సంగతి అటుంచి, బెళుగుప్పకు దీనివలన ప్రయోజనమేమి? ఆ చుట్టుపట్ల రెండు విధాల నేలలు ఇబ్బంది పెడుతున్నవి. కణేకల్లు, బొమ్మనహాళ్ ప్రాంతాలలో హగరి ఒడ్డు ఇసుక గాలికి లేచి పొలాలపై పడుతుంది. రేగడి నేల వానకు ఉబ్బి, ఎండకు పగిలి, పునాదులను కదలించును. ఇసుకకు ఈ విద్య అనువైనది. పైపొరను గట్టిపరచితే గాలి దానిని లేపలేదు. రేగడి మాట వేరు. దాని రంధ్రాలు అతిసూక్ష్మాలు కావడంచేత బాక్టీరియా లోనికి సాగిపోవడం కష్టం.

అంతకన్న ముఖ్యమైనది నీరు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో బ్రతికే జిల్లాలో, ద్రావణానికి నీరు వెచ్చించడం చిన్న విషయం కాదు. మిగిలిన అమ్మోనియాను తొలగించకపోతే అది భూగర్భజలాన్ని చెరచవచ్చును. ఇల్లు నిలిచి బావి చెడితే ఆ ఊరికి మేలు కలుగదు.

చవుటిమిద్దె కట్టిన పెద్దలు తమ నేలను, తమ నీటిని ఎరిగి కట్టినారు. కొత్త శాస్త్రం కూడా ఆ రెండింటినీ గౌరవించి వచ్చినప్పుడే మెట్టసీమలో దానికి స్థానం దొరుకుతుంది.