రెండు డిస్కుల నాటి గోడ

కొన్నేండ్ల క్రిందట నవాబుపేటలో ఒక మిత్రుని ఇంట పాత లినక్సు కంప్యూటరు నొకదానిని మేము ఆపబోతిమి. యూఎస్ఆర్ విభాగము ఇంకను వాడుకలో నున్నదని తెరపై వ్రాసి అది నిలిచిపోయినది. ఓపిక పట్టలేక మీట నొక్కివేసితిమి. మరునాడు డిస్కు తనిఖీకే చాలసేపు పట్టినది. మిత్రుని లెక్కల పత్ర మొకటి దొరకనే లేదు. ఆపుటలో ఇంత చిక్కేల? కారణము వెదకబోగా అర్ధశతాబ్దము వెనుకకు పోవలసివచ్చినది.

బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీలు యూనిక్సును నిర్మించిన కాలమున డిస్కులు మిక్కిలి చిన్నవి. 1974లో వారు ప్రకటించిన వ్యాసమున వర్ణించిన పీడీపీ-11 యంత్రమునకు సైతము స్థిర డిస్కు 10 లక్షల బైట్లది మాత్రమే. నేడు చేతి ఫోనుతో తీసిన ఛాయాచిత్ర మొక్కటి అందు ఇముడుట కష్టము! మొదటి డిస్కుపై చోటు చాలని ప్రోగ్రాములు, వాడుకరుల సొంత దస్త్రములకై రెండవ డిస్కుపై నుంచిన యూఎస్ఆర్ లోనికి చేరినవి. ధాన్యపు బస్తాలను చుట్టముల గదిలో వేసినట్లయినది.

1991లో లైనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన లినక్సునకు ఈ గోడయు వారసత్వముగా వచ్చినది. మేల్కొనుటకును మరమ్మతునకును కావలసినవి మూలవిభాగమున నుండవలెనని 1994 నాటి ప్రమాణపత్రము నియమించినది.

యంత్రము ఆగునపుడు పనులన్నియు ముగిసి, విభాగము లొక్కొక్కటిగా విడివడి, మూలవిభాగము చదువుటకు మాత్రమే తగినదిగా మారవలెను. కాని ప్రోగ్రాములు ఒంటరిగా నడువవు. ఉమ్మడి లైబ్రరీలపై ఆధారపడును. ఆపు పనిని నడుపు ప్రోగ్రామే యూఎస్ఆర్ లోని లైబ్రరీని పట్టుకొనియున్నచో, ఆ విభాగమును విడదీయుట కూర్చున్న కొమ్మను నరుకుకొనుటయే. కెర్నెలు అందుకు ఒప్పదు.

ఇంతకన్న వింత యొకటి కలదు. సీ లైబ్రరీని తీసి క్రొత్తది పెట్టినను, తొలి ప్రోగ్రామైన ఇనిట్ పాతదానినే పట్టుకొనియుండును. పేరు చెరిగినను దాని సరకు డిస్కుపై మిగిలియే యుండును. ఆ చెరిపివేత పూర్తి కానిదే మూలవిభాగమునకు తాళము పడదు. అందుచే లైబ్రరీ మారినంతనే ఇనిట్ తన్ను తాను మరల ఎక్కించుకొనునట్లు చేయు ఆచార మేర్పడినది.

2012లో ఫెడోరా 17 ఆ గోడను కూల్చి ప్రోగ్రాములను, లైబ్రరీలను యూఎస్ఆర్ లోనికే చేర్చినది. డెబియన్ 2023లో తన 12వ విడుదలతో దీనిని తప్పనిసరి చేసినది. మరి కొమ్మ మాట? మేల్కొనునపుడు మెమరీలో నిలుపు చిన్న దస్త్రవ్యవస్థలోనికి ఆగునపుడు మరల దిగి, అచటినుండి మూలవిభాగమును సైతము విడదీయు పద్ధతిని సిస్టమ్‌డీ కల్పించినది. నేలపై నిలిచి కొమ్మ నరుకుట యన్నమాట.

నవాబుపేట యంత్రము అంత క్రొత్తది కాదు. మేము దాని రెండు విభాగములను ఒకటి చేసితిమి. ఇప్పుడు మారాడక ఆగుచున్నది. లెక్కల పత్రమును మాత్రము మిత్రుడు మరల మొదటినుండి వ్రాసికొనవలసివచ్చినది.