ముష్టి గింజ: టానిక్కుకూ విషానికీ నడుమ

కొత్తగూడెం, పాల్వంచల మీదుగా భద్రాచలం సాగే అడవిదారుల్లో నారింజ రంగు కాయలు కాసే ముష్టిచెట్టును మీలో కొందరైనా చూసి ఉంటారు. కాయలోని గింజలు చొక్కా గుండీల వలె బల్లపరుపుగా, బూడిదరంగులో ఉంటాయి. దీని దాయాది చిల్లచెట్టు. చిల్లగింజను అరగదీసి కలిపితే బురదనీరు తేరుకుంటుంది. ఈ రెండు గింజలనూ గిరిజనులు ఏరితెచ్చి, 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థకు అమ్ముతూ వచ్చారు. దాయాదులే గానీ, ముష్టిగింజ ప్రాణాంతకం.

అందులోని విషం స్ట్రిక్నిన్. ఫ్రాన్సు దేశపు పెల్లెటియే, కావెంతూ దానిని 1818లో వేరుచేశారు. మన వెన్నుపాములో గ్లైసీన్ అనే పదార్థం కండరాల నాడులకు కళ్ళెం వంటిది. స్ట్రిక్నిన్ ఆ కళ్ళేన్ని ఊడదీస్తుంది. ఒకటి రెండు మిల్లీగ్రాములు పడితే శరీరం చురుకెక్కినట్లు తోస్తుంది. దాని చేదు ఆకలి పుట్టిస్తుందని కూడా నమ్మేవారు. ముప్పై మిల్లీగ్రాములు దాటితే మనిషి చనిపోవచ్చు. అయినా ఇనుము, క్వినైన్‌లతో కలిపి ఈస్టన్ సిరప్ పేర దీనిని దశాబ్దాల పాటు బలానికి తాగించారు! 1904 సెయింట్ లూయీ ఒలింపిక్స్‌లో థామస్ హిక్స్‌కు పరుగు మధ్యలో స్ట్రిక్నిన్, బ్రాందీ, గుడ్డు తెల్లసొన పట్టించారు. ఆయన మారథాన్ గెలిచాడు. గమ్యం చేరి కుప్పకూలాడు.

అంతకు ముందే, 1888లో, జర్మనీలో హ్యూగో షుల్ట్స్ అత్యల్ప విషం ఈస్టు కణాల పులియబెట్టే పనిని హెచ్చిస్తుందని చూపాడు. ఆ పరిశీలన విలువైనదే. కానీ దానిని పట్టుకొని ప్రతి విషమూ కొంచెమైతే మేలేననడం నాకు సమ్మతం కాదు. ఈస్టుకు వెన్నుపాము లేదు కదా! స్ట్రిక్నిన్ ఇచ్చేది బలం కాదు, కళ్ళెం తెగిన గుర్రపు పరుగు.

భద్రాచలం ప్రాంతంలో పనిచేసిన రోజుల్లో ఒక నడివయసు రైతును విల్లులా వంగిన శరీరంతో తెచ్చారు. ధనుర్వాతమని భ్రమించాను. అయితే మూర్ఛకూ మూర్ఛకూ నడుమ కండరాలు సడలుతున్నాయి. ధనుర్వాతంలో బిగువు అలాగే నిలుస్తుంది. స్పృహ చెదరలేదు. "సంతలో కొన్న పొడి డాక్టరుగారూ, కీళ్ళనొప్పికి. ఇవాళ రెండింతలు వేసుకున్నాను" అన్నాడు. చీకటి గదిలో, సద్దులేకుండా ఉంచి, డయజిపామ్ ఇచ్చాము. బతికాడు.

గట్టి పెంకుగల గింజను నమలక మింగితే ఒక్కోసారి అలాగే బయటికి పోతుంది. పొడిచేస్తే విషం రక్తంలోకి చేరుతుంది. గోమూత్రం, పాలు, నేతులతో శుద్ధి చేయాలని ఆయుర్వేదం విధించింది అందుకే. సంతలోని పొట్లం మీద ఆ శుద్ధి జరిగిందో లేదో రాసి ఉండదు. అటువంటి పొడి తిన్నవారికి మెడ బిగిసినా, చిన్న చప్పుడుకే ఒళ్ళు అదిరినా, వాంతి చేయించబోకండి. వెంటనే ఆసుపత్రికి చేర్చండి, పొట్లాన్ని వెంట తీసుకువెళ్ళండి.