సముద్రం లేని చోట చేప జన్మలు

కె. రాఘవేంద్రరావు తీసిన ‘సాహసవీరుడు సాగరకన్య’ 1996లో వచ్చింది. మత్స్యకన్య అంటే తెలుగు ప్రేక్షకుడి కళ్లముందు ఆడేది నేటికీ ఆ సినిమా బొమ్మే: నడుము పైన మనిషి, కింద తళతళలాడే తోక. ఆ తోక మాత్రం పడమటి కథల్లోంచి ఈదుకుంటూ వచ్చింది. మన పాత కథలకు తోక మీద అంత మోజు లేదు, వాటి ధ్యాసంతా పుట్టుక మీదే. శాపం తగిలి యమునలో చేపగా తిరుగుతున్న అద్రిక అనే అప్సరస కడుపున ఒక మగపిల్లవాడు, ఒక ఆడపిల్ల పుడతారు. ఆ పిల్ల దాశరాజు ఇంట పడవ నడుపుతూ పెరుగుతుంది. ఒంటిని వదలని వాసన వల్ల మత్స్యగంధి అవుతుంది. మైరావణుడి కథలోనైతే హనుమంతుడి చెమటచుక్కను మింగిన చేపకు మత్స్యవల్లభుడు పుట్టి, ఎదుట ఉన్నది తండ్రి అని తెలియక ఆయనతోనే కలబడతాడు.

ఆ హనుమంతుడికి గద్వాల దాపున బీచుపల్లిలో, కృష్ణ ఒడ్డునే గుడి ఉంది. సముద్రం అక్కడికి వందల కిలోమీటర్ల దూరం. అయినా చెరువుకు సముద్రమని పేరు పెట్టుకోవడం పాలమూరు పాత అలవాటు. శ్రీరంగాపురంలో రంగనాయకస్వామి గుడిని ఆనుకుని ఉన్నది రంగసముద్రం. కానాయపల్లి దగ్గరిది శంకరసముద్రం. నాగర్‌కర్నూల్ పట్టణాన్ని ఒరుసుకుని కేసరిసముద్రం. వనపర్తి సంస్థానపు చెరువులు ఏడింటిని లెక్కపెట్టి సప్తసముద్రాలని చెప్పుకుంటారు. ఇన్ని సముద్రాలున్న చోట మత్స్యకన్య కథ ఎందుకు పుట్టలేదో గానీ, చేప పుట్టుక చుట్టూ నడిచిన చరిత్ర మాత్రం ఏ కథకూ తీసిపోదు. ఒకప్పుడు ఆ పుట్టుక ముహూర్తం వరద చేతిలో ఉండేది. ఇప్పుడది ఆనకట్ట తలుపులు ఎత్తేవాళ్ల చేతిలోనూ, హేచరీ యజమానుల చేతిలోనూ, చేపపిల్లల టెండర్లు పిలిచే అధికారుల చేతిలోనూ ఉంది.

నీటి ప్రాణుల మీద ఇక్కడ మిగిలిన పాత సాక్ష్యాల్లో అలంపురం శిల్పాలు ఒకటి. బాదామి చాళుక్యుల కాలపు నవబ్రహ్మ ఆలయాల్లో ద్వారాల దగ్గర గంగా యమునలు కనిపిస్తారు. గంగ మకరం మీద, యమున తాబేలు మీద. తాబేలును శిల్పి ఉన్నదున్నట్టు చెక్కాడు. మకరం దగ్గరకొచ్చేసరికి మొసలి దవడ, ఏనుగు తొండం, తీగలు సాగిన తోక కలిపి ఒక కొత్త జంతువును పుట్టించాడు. మొసలిని చూడక చేసిన పని కాదది. కృష్ణలో మొసళ్లు నేటికీ ఉన్నాయి, వరద తీశాక పొలాల్లో తేలి రైతులను పరుగెత్తిస్తుంటాయి. ఇంటి ముందరి జంతువును దేవత వాహనం చేయాలంటే దానికి కాస్త అబద్ధం కలపక తప్పదని ఆ శిల్పికి తోచినట్టుంది.

శిల్పి ఊహను పక్కన పెట్టి నీళ్లలోకి చూస్తే అంతకంటే వింత కనిపిస్తుంది. బొచ్చె, రవ్వ, మెరిగె - తెలుగువాళ్ల చేపల కూరలో ఎక్కువగా పడేవి ఈ మూడే. గంగా నదీ వ్యవస్థకు చెందిన రవ్వ, మెరిగెలను దక్షిణాది నదుల్లో ప్రవేశపెట్టింది మనుషులే. మూడింటికీ స్వభావం ఒకటే: నిలువ నీళ్లలో ఎంతైనా పెరుగుతాయి, గుడ్లు మాత్రం పెట్టవు. కొత్తనీరు ఎర్రగా కలకబారి, ఏరు పొంగి, ఒడ్డున పల్లపు భూములు మునిగినప్పుడే జంటలు కడతాయి. ఆడచేప కిలో బరువుకు లక్షకు పైగా గుడ్లు వదులుతుంది. పదిహేను, పద్దెనిమిది గంటల్లో అవి పొదుగుతాయి. పిల్లకు అప్పటికి నోరు ఉండదు. పొట్టకు అంటుకున్న సొనతో రెండు మూడు రోజులు గడిపి, నోరు తెరుచుకున్నాక సూక్ష్మజీవుల వేటకు దిగుతుంది. లక్షల్లో పుట్టినవాటిలో పెద్దయ్యేవి బహు కొద్ది.

కొర్రమట్ట తీరు వేరు. అది గాలి పీలుస్తుంది. నీరు ఇంకిన చెరువులో బురదను పట్టుకుని ఎండాకాలం గట్టెక్కగలదు. నాచు మధ్య కాస్త జాగా చేసుకుని అక్కడే గుడ్లు పెడుతుంది, అవి నీటి మీద తేలుతుంటాయి. పుట్టిన పిల్లలు ఎర్రని మబ్బులా గుంపుగా తిరుగుతుంటే తల్లిదండ్రులు అడుగున కాపలా కాస్తాయి. చెరువులో నీటి మీద ఆ ఎర్రదనం కనిపిస్తే కింద పెద్ద చేప ఉన్నట్టే లెక్క. దాని సంతానప్రేమే దానికి ఉరి. తెలంగాణ ప్రభుత్వం 2016లో రాష్ట్ర చేపగా ప్రకటించింది దీన్నే. మృగశిర కార్తె నాడు హైదరాబాదులో ఉబ్బసానికి ఇచ్చే బత్తిని వారి చేప మందులో బతికుండగానే గొంతులో వేసేదీ దీని పిల్లనే. మృగశిరకు చేప తినాలన్న పట్టింపు తెలంగాణ అంతటా ఉంది. రోహిణి ఎండలు తీరి తొలకరి రాబోయే ఆ రోజులు చేపలు గుడ్లతో బరువెక్కే కాలం కూడా కావడం ఈ ఆచారంలోని చిక్కు.

అసలు మత్స్యకన్య జీవితం గడిపేది మలుగు. పాములా ఉండే ఈ చేప సముద్రంలో పుడుతుంది. మొదట ఆకులా పలచగా, తరువాత గాజుపుల్లలా పారదర్శకంగా మారి నదీముఖానికి చేరుతుంది. ఏటికి ఎదురీది, రాళ్ల సందుల్లో ఏళ్లకేళ్లు పెరుగుతుంది. ఒక వయసు వచ్చాక మేత మానేస్తుంది, కళ్లు పెద్దవవుతాయి, జీర్ణాశయం కుంచించుకుపోతుంది. వచ్చిన దారినే సముద్రానికి దిగి, ఒక్కసారి గుడ్లు పెట్టి చనిపోతుంది. మలుగు జాతులు ఎలా పుడతాయో తెలియక అరిస్టాటిల్ అంతటివాడు అవి బురదలోంచి వస్తాయని రాశాడు. మన దేశపు మలుగు పుణె దగ్గరి ముళా, ముఠా నదుల్లోనూ దొరికింది. ఆ నీళ్లు భీమలో కలుస్తాయి, భీమ జూరాల ఆనకట్టకు ఎగువన కృష్ణలో కలుస్తుంది. అంటే బంగాళాఖాతంలో బయల్దేరిన గాజుపుల్ల పుణె చేరాలంటే సోమశిల, బీచుపల్లి దాటుకుంటూ, కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డ అంచునే పోవాలి.

ఆ దారి ముక్కలు ముక్కలుగా మూతపడింది. విజయవాడ దగ్గర కృష్ణా ఆనకట్ట 1855 నాటికి పూర్తయింది. మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ 1860ల్లో కర్నూలు-కడప కాలువ కోసం తుంగభద్ర మీద సుంకేసుల ఆనకట్ట కట్టింది. ఆ నదికి అవతలి గట్టు నిజాం ఏలుబడిలోని నడిగడ్డ. ఫ్రాన్సిస్ డే అనే వైద్యాధికారి దేశమంతా తిరిగి మంచినీటి చేపల మీద 1873లో ఒక నివేదిక ఇచ్చాడు. మద్రాసు ప్రెసిడెన్సీలోని ఆనకట్టలు ఎదురెక్కే చేపలను ఆపేస్తున్నాయనీ వాటికి దారి వదలాలనీ అందులో మొత్తుకున్నాడు. దిగువ ఆనకట్టల దగ్గర ఆగిపోయిన చేపలను పట్టుకోవడం మహా సుఖం కాబట్టి ఆ మాట చెవికెక్కించుకునే తొందర ఎవరికీ లేకపోయింది. తుంగభద్ర డ్యాం 1953లో, నాగార్జునసాగర్ 1967లో నీళ్లు నింపుకున్నాయి. ఆ తరువాత 145 మీటర్ల ఎత్తున శ్రీశైలం లేచింది. ఏ మలుగూ ఎక్కలేని గోడ అది.

ఏటి మీద బతికిన మనుషుల చరిత్ర ఈ గోడలకు చాలా ముందుది. బెస్తలు, గంగపుత్రులు, ముదిరాజులు వల, గాలం, పుట్టి చేతబట్టి తరాలు గడిపారు. వెదురు బద్దలతో గుండ్రంగా అల్లిన పుట్టికి ఒకప్పుడు తోలు కట్టేవారు, ఇప్పుడు ప్లాస్టిక్ పట్టా చుట్టి తారు పూస్తున్నారు. 1520 ప్రాంతంలో విజయనగరానికి వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ తుంగభద్రలో సరిగ్గా ఇలాంటి బుట్ట పడవలనే చూశాడు. పదిహేను, ఇరవై మంది పడతారని, అవసరపడితే గుర్రాలను, ఎద్దులను కూడా దాటిస్తారని రాశాడు. అయిదు వందల ఏళ్లలో పుట్టికి మారింది పైన తొడుగు మాత్రమే.

మారిందల్లా దాని కింద నీరు. శ్రీశైలం జలాశయం 885 అడుగుల మట్టానికి నిండడం కోసం 1981లో కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందకు అటూ ఇటుగా గ్రామాలను ఖాళీ చేయించారు. లక్షమంది దాకా ఊళ్లు వదిలారు. దేవుళ్లకు ఆ కష్టం కొంత తగ్గింది: కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి అలంపురంలో, సోమశిల, జటప్రోలు గుళ్లను మెరకమీద తిరిగి కట్టారు. పొలాలు మునిగిన రైతులు ఎందరో ఆ నీటి మీదే వల వేయడం నేర్చుకున్నారు. నది లోతెక్కి, వెడల్పై, ఆవలి ఒడ్డు దూరమైంది. పుట్టి చాలక మరపడవలు వచ్చాయి. 2007 జనవరిలో సోమశిల ఎదుట మంచాలకట్ట వద్ద పడవ మునిగి పదుల మంది చనిపోయారు.

ఆ వెనుక జలాల మీదికి అసలు సముద్రపు మనుషులు వచ్చారు. విశాఖ వైపు తీరం నుంచి వలస వచ్చిన మత్స్యకారులు కొల్లాపూర్ ప్రాంతపు గట్ల మీద గుడిసెలు వేసుకుని, నెలల తరబడి అక్కడే ఉండి చేపలు పడతారు. పని తెలిసినవాళ్లు, తెగింపు ఉన్నవాళ్లు. గొడవ వాళ్లతో కాదు, వాళ్ల చేతికి పెట్టుబడిదారులు అందించే అలివి వలలతో. దోమతెర లాంటి సన్నటి కన్నుల ఆ వల కిలోమీటరు మేర నీటిని ఊడ్చుకొస్తుంది. అందులో అగ్గిపుల్లంత పిల్లకు కూడా విడుదల లేదు. ఆ పిల్లలను ఎండబెట్టి మూటలు కట్టి అమ్ముతారు. నిషేధం కాగితం మీద ఉంది, దాడులు చేసి వలలు తగలబెట్టిన వార్తలు ఏటా వస్తాయి, వలలు మళ్లీ వస్తాయి. పెరిగితే కిలోలు తూగే చేపను గ్రాముల్లో ఉండగానే అమ్ముకోవడం నేరమే కాదు, తెలివితక్కువ వ్యాపారం కూడా. లాభం పెట్టుబడిదారుడిది, నష్టం స్థానిక జాలరిది కాబట్టి అది సాగుతోంది.

ఇన్ని పోయినా బజారులో చేప తగ్గలేదు. దానికి కారణం ఒడిశాలో ఉంది. 1957 జూలై 10న హీరాలాల్ చౌధురి అనే శాస్త్రవేత్త, చేప తలలోని పిట్యూటరీ గ్రంథి నుంచి తీసిన రసాన్ని సూదిమందుగా ఇచ్చి చెరువు నీళ్లలోనే కార్ప్ జాతి చేపల చేత గుడ్లు పెట్టించాడు. అంతవరకు చేపపిల్లల వ్యాపారమంటే బెంగాల్, బీహార్ నదుల్లో వరద రోజుల్లో దేవుకొచ్చి, మట్టికుండల్లో పోసి, రైళ్లలో ఊళ్లకు చేర్చడమే. ఏది రవ్వ పిల్లో ఏది వాలుగ పిల్లో పెరిగి పక్కదాన్ని మింగేదాకా తెలిసేది కాదు. సూదిమందుతో ఆ జూదం తీరింది. తరువాత గుండ్రటి సిమెంటు తొట్లు వచ్చాయి. తొట్టిలో నీటిని గిరగిరా తిప్పితే చేపకు ఏరు పొంగినట్టే అనిపిస్తుంది. వరద లేకుండా వరద భ్రమ కల్పించడం మైరావణుడు కూడా మెచ్చుకునే మాయ. ఆ జూలై 10నే ఇప్పుడు దేశమంతా చేపల రైతుల దినంగా జరుపుతున్నారు.

తెలంగాణలో 2016 నుంచి ప్రభుత్వమే చెరువుల్లోకి, జలాశయాల్లోకి ఉచితంగా చేపపిల్లలను వదులుతోంది. కల్వకుర్తి ఎత్తిపోతల, భీమా పథకాలతో వనపర్తి, నాగర్‌కర్నూల్ చెరువులకు నీరు చేరి, ఒకప్పుడు మాఘానికే ఎండేవి ఇప్పుడు వేసవిలోనూ పిల్లలను పెంచగలుగుతున్నాయి. చెరువు మీద హక్కు ఎవరిదన్న పాత తగవు సొసైటీ సభ్యత్వాల దగ్గర ముదిరాజులకూ గంగపుత్రులకూ మధ్య మళ్లీ రాజుకుంది. పిల్లలను లారీల్లో, ఆక్సిజన్ నింపిన సంచుల్లో తెస్తారు. వాటిలో పెద్ద వాటా కోస్తాలో కైకలూరు చుట్టుపక్కల హేచరీలది. వానలు ముదిరాక ఆలస్యంగా వదిలారని, పిల్లలు సైజుకు రాలేదని, లెక్క తక్కువుందని జాలరులు ప్రతి సీజన్‌లోనూ గొణుగుతూనే ఉంటారు.

ఏటికి వరద వచ్చే వేళ కూడా మారింది. పడమటి కనుమల్లో కురిసిన వాన ముందు కర్ణాటకలో ఆల్మట్టిని, తరువాత నారాయణపూర్‌ను నింపాలి. అక్కడ తలుపులు ఎత్తితేనే జూరాలకు ఎర్రనీరు. 1981లో పునాదిరాయి పడి తొంభైల నడుమ పూర్తయిన జూరాల దగ్గర, గేట్లు ఎత్తిన రోజుల్లో డ్యాం కింద చేపలు మూగుతాయి, వలలూ మూగుతాయి. వరద చూడటానికి వచ్చినవాళ్లకు రోడ్డు పక్క బండ్ల మీద మసాలా పట్టించిన చేపముక్కలు వేయించి పెడతారు. జూరాల చేప అంటే ఏటి చేప అని గిరాకీ, చెరువు చేపకు ఆ ధర పలకదు. ఆ జలాశయంలోనూ మత్స్యశాఖ ఏటా పిల్లలను వదులుతుంది కాబట్టి, పళ్లెంలోకి వచ్చిన రవ్వ కృష్ణలో పుట్టిందో కైకలూరు తొట్టిలో పుట్టిందో తినేవాడికీ తెలియదు, వేయించేవాడికీ తెలియదు.