ఎవరి చెవికి వారి ధ్వని

ఇంటిలో రేడియో ఒక్కటే, వచ్చుచున్న వార్తలును ఒక్కటే. అయినను అచట కూర్చున్నవారందఱును ఒకే ధ్వనిని వినుచున్నారని మేము చెప్పజాలము. బద్వేలు ప్రాంతపు ఇండ్లలో సాయంకాలము వార్తల వేళ తఱచుగా నడచు ముచ్చట యొకటి కలదు. "ఈయప్ప గొణుగుతాండాడు, రవ్వంత పెంచు" మని జేజినాయన యనును. మనుమరాలు పెంచును. అంతలో వంటయింటినుండి "చెవులు పగిలిపోతాండాయి" అని కేక వచ్చును. వీరిలో ఎవ్వరును అబద్ధమాడుట లేదు. పెద్దాయనకు కొఱవడినది బిగ్గఱతనము కాదు, స్పష్టత.

లోచెవిలో నత్తగుల్లవలె చుట్టుకొని యున్న భాగమున సన్నని రోమకణములు కలవు. వయసు మీఱిన కొలది వానిలో హెచ్చు స్థాయి స్వరములను పట్టునవి ముందుగా నశించును. మాటలోని అచ్చుల బలమంతయు క్రింది స్వరములలో నుండును. స, చ, త వంటి హల్లుల గుర్తు హెచ్చుగా రెండు మూడు వేల హెర్ట్జులకు పైన నుండును. చాలు, సాలు, తాలు అను మూడు మాటలను తీసికొనుడు. తోక మూడింటికిని ఒక్కటే. తల వినబడనివానికి దుక్కిలోని సాలుకును, చేటలోని తాలుకును భేదము తెలియదు. రేడియో మీటను త్రిప్పినచో వినబడుచున్న తోకయే మఱింత పెద్దదగును. పాత వాల్వు రేడియోలకు స్వరమును మార్చు మీట వేఱుగ నుండెడిది గాని, అది సాధారణముగ గరగర తగ్గించుటకై పై స్వరములను కోసివేయునది. అనగా జేజినాయనకు కావలసిన దానికి సరిగా విరుద్ధమైన పని చేయునది!

చెవికి తగినట్లు ధ్వనిని దిద్దుట యను ఆలోచన హెడ్‌ఫోనుతో పాటే పుట్టలేదు. 1910 ప్రాంతమున అమెరికాలోని యూటా రాష్ట్రమున నథానియేల్ బాల్డ్విన్ తన వంటయింటిలో హెడ్‌ఫోనులను తయారుచేసి నౌకాదళమునకు పంపెను. వానికి ఒకటే పరమార్థము: క్షీణమైన సంకేతమును వినిపించుట. మన ప్రాంతమునకు వచ్చినచో, 1924లో సి. వి. కృష్ణస్వామి శెట్టి పూనికతో మదరాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు వెలసెను. అదే సంవత్సరము జూలైలో ప్రసారము లారంభమయ్యెను. ఆ రోజులలోని స్ఫటికపు రేడియోకు విద్యుత్తు అక్కఱలేదు. తంతిమొనను స్ఫటికముపై అటునిటు కదలించి మంచి చోటు వెదకుకొని, హెడ్‌ఫోను తగిలించుకొని వినవలెను. ధ్వని పెంచుటకు గాని మార్చుటకు గాని సాధనము లేదు. అప్పుడు కడప జిల్లాయు మదరాసు రాజధానిలోనిదే యైనను, అంత దూరమున నున్న బద్వేలులో అట్టి పెట్టెకు ఆ ప్రసారము అందెడి మాట లేదు. క్లబ్బు ధనాభావమున 1927లో మూతపడెను. 1930లో మదరాసు కార్పొరేషను ఆ పనిని చేపట్టెను. 1938లో మదరాసు ఆకాశవాణియు, 1948లో విజయవాడయు, 1963లో కడప కేంద్రమును వచ్చునప్పటికి రేడియో లౌడుస్పీకరుతో పదిమందికి వినిపించు వస్తువైనది. ఒక్కని చెవి సంగతి మఱుగున పడినది.

ఆ సంగతిని పట్టించుకొన్నవారు టెలిఫోను ఇంజనీర్లు. తంతిమీద మాటను పంపవలెనన్నచో చెవికి కనీసమెంత కావలెనో తెలియవలెను గదా! అమెరికాలోని బెల్ టెలిఫోను ప్రయోగశాలలలో హార్వీ ఫ్లెచర్ ఆ విషయమునే జీవితకాలము పరిశోధించెను. 1920-30 నడుమ వినికిడిని కొలుచు ఆడియోమీటరులు వెలువడెను. వానిలో నొకటి పాఠశాలల కొఱకు చేసినది: గ్రామఫోను రికార్డునకు నలువది హెడ్‌ఫోనులు తగిలించి పిల్లలందఱికి ఒకేసారి అంకెలు వినిపింతురు. గొంతు క్రమముగ సన్నగిల్లును. ఎంతవఱకు సరిగా వ్రాసిరో చూచినచో ఏ బిడ్డకు చెవి మందమో తెలిసిపోవును. మొద్దబ్బాయి యని వెనుక బల్లకు నెట్టబడిన పిల్లలలో కొందఱు మొద్దులు కారని తేల్చు పరీక్ష యిది. ఇంతకన్న ఉపకారము చేసిన రికార్డులు గ్రామఫోను చరిత్రలో ఎన్ని కలవో మేమెఱుగము.

1933లో ఫ్లెచర్, మన్సన్ అను నిరువురు, హెడ్‌ఫోనులతో వినువారిని పరీక్షించి, సమానముగ బిగ్గఱగా తోచు స్వరముల రేఖలను ప్రకటించిరి. ధ్వని తగ్గినప్పుడు చెవి మంద్రస్వరములను ముందుగా పోగొట్టుకొనునని వాని సారము. తరువాతి రేడియోలలో, ఆంప్లిఫయరులలో కనబడు 'లౌడ్‌నెస్' మీట ఈ రేఖల సంతానమే. కాని అవి సగటు చెవికి గీచిన రేఖలు. బద్వేలు జేజినాయన చెవి ఆ సగటులో లేదు.

మఱి యొక్కొక్క చెవికి వేఱువేఱుగ దిద్దవలెనా? ఇచట విద్వాంసులలోనే చీలిక వచ్చెను. 1944లో శామ్యూల్ లైబార్గర్ ఒక మోటు లెక్క చెప్పెను: చెవి అఱువది డెసిబెల్సు కోల్పోయినచో అఱువదియు కాదు, అందులో సగమే కలుపవలెను. కారణమేమనగా, మందగించిన చెవికి మెల్లని ధ్వని వినబడకున్నను బిగ్గఱ ధ్వని బిగ్గఱగానే తాకును. కండ్లద్దములకును దీనికిని ఇదే భేదము. 1947లో హార్వర్డు పరిశోధకులు మాత్రము, ఒక్కొక్కరికి ప్రత్యేకముగ కుట్టనక్కఱలేదు, పై స్వరములను కొంచెము పెంచిన ఒకే విధమైన యంత్రము చాలమందికి సరిపోవునని తేల్చిరి. 1948లో బ్రిటను ఆరోగ్యసేవ ప్రజలకు ఉచితముగ పంచిన మెడ్రెస్కో యంత్రమును అట్టి ఆలోచనతో పుట్టినదే. దీనిని మేము తేలికగా త్రోసివేయము. అందఱికి ఉచితముగ దొరకు సామాన్యయంత్రము, కొందఱికి మాత్రమే అందు ప్రత్యేకయంత్రముకన్న మేలు. అయినను చెవులు వేఱువేఱనుట మాఱదు. 1976 నుండి ఆస్ట్రేలియా జాతీయ శ్రవణ ప్రయోగశాలవారు ఒక్కొక్కరి వినికిడి రేఖనుబట్టి ఎంత పెంచవలెనో సూత్రములు కూర్చిరి.

నేటి ఫోనులలోని పరీక్షకు అసలు తాత మఱియొకడు. బుడాపెస్టు తంతి తపాలా ప్రయోగశాలలో పనిచేసి, 1961లో నోబెలు బహుమతి పొందిన బెకేషి, 1947లో ఒక యంత్రమును ప్రకటించెను. వినబడుచున్నంతసేపు రోగియే మీటను నొక్కియుంచును, స్వరము తగ్గును. వినబడకున్నచో వదలును, స్వరము పెరుగును. వైద్యుడు కదలకయే కాగితముపై రేఖ గీయబడును. ఈ పరీక్షకు అక్షరజ్ఞానముతో పనిలేదు. బడి మొగమెఱుగని జేజియు చేయగలదు.

1978లో లండనునందు డేవిడ్ కెంప్ మఱొక వింతను కనుగొనెను: చెవిలోనికి ధ్వనిని పంపినచో లోచెవి తానును అతి సన్నని ధ్వనిని వెలికి పంపును! 2017లో మెల్‌బోర్నులోని నూరా సంస్థవారి హెడ్‌ఫోను ఈ మాఱుధ్వనిని పట్టుకొని, వినువారి నేమియు అడుగకయే పాటను దిద్దజూచెను. 2024 సెప్టెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ, ఆపిల్ వారి ఎయిర్‌పాడ్స్ ప్రో చెవిగుబ్బలను, పదునెనిమిదేండ్లు దాటి స్వల్పముగనో మధ్యస్థముగనో వినికిడి తగ్గినవారికి, చీటీ అక్కఱలేని శ్రవణయంత్రముగ మార్చు సాఫ్ట్‌వేరునకు అనుమతి నిచ్చెను. అట్టి సాఫ్ట్‌వేరునకు అనుమతి లభించుట అదియే మొదలు.

ఇట్టి దిద్దుబాటు మంచిదా కాదా అని ఇంటిలో పరీక్షింపగోరువారు ఒక మోసమును కనిపెట్టవలెను. రెండు ధ్వనులలో కొంచెము బిగ్గఱగా నున్నదే మంచిదిగా తోచును. కావున దిద్దినదానిని, దిద్దనిదానిని ఒకే బిగ్గఱతనమునకు తెచ్చి పోల్చవలెను. పాటతో మాత్రమే కాక వార్తలతోను పోల్చవలెను. పాట ఇంపుగా నుండుట వేఱు, మాట తెలియుట వేఱు. పరీక్ష చేయు వేళ పంకా, మిక్సీ, నీళ్ల మోటారు ఆగియుండవలెను, తెల్లవారుజాము మేలు. గుబ్బ చెవిలో వదులుగ నున్నచో క్రింది స్వరములు జాఱిపోయి, లేని లోపము కాగితమున కెక్కును. ఒక హెడ్‌ఫోనుతో గీచిన రేఖను మఱొకదానికి కట్టబెట్టరాదు. దిద్దినంత మాత్రమున బిగ్గఱగా వినుటకు అనుమతి దొరకినట్లు కాదు. ప్రపంచారోగ్య సంస్థవారు పెద్దలకు సూచించిన హద్దు వారమునకు నలువది గంటలు, ఎనుబది డెసిబెల్సు.

ఒక చెవి అకస్మాత్తుగ మూసికొనిపోయినను, చీము కాఱినను, తల తిరిగినను ఫోనుతో పనిలేదు. వెంటనే వైద్యుని చూడవలెను. అకస్మాత్తుగ పోయిన వినికిడికి చికిత్స దినములలో జరుగవలెను గాని నెలలలో కాదు. మిగిలినవారు ఎడమచెవి రేఖను, కుడిచెవి రేఖను తేదీతో వ్రాసి దాచుకొనినచో, మఱుసటి యేడు అదే హెడ్‌ఫోనుతో, అదే గదిలో మరల గీచి రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచుకొనవచ్చును.