పర్చూరు సీమలో వోటు నడిచిన త్రోవ



రచ్చబండపై కూర్చుండి, "ఈమారు మన యూరి గాలి యెటు?" అని యడుగని పెద్ద మా పర్చూరు ప్రాంతమున లేడు. ఆ గాలి యెన్ని మారులు దారి మార్చినదో చెప్పవచ్చితిని. నేను చరిత్రకారుడను గాను, బడిపంతులను. అయినను మా తరమున ఎన్నికల కొలువు చేయని పంతులు అరుదు గనుక, పెట్టె ప్రక్కను కూర్చుండి చూచిన చూపు కొంత కలదు.

మొదట వోటు మనిషికి గాక ఆస్తికి ఉండెడిది. 1920లో జరిగిన మదరాసు శాసనసభ యెన్నికలలో శిస్తు కట్టు ఆసామికి చీటి దక్కెను, కూలివానికి లేదు. కాంగ్రెసు ఆ యెన్నికలను బహిష్కరించెను. జస్టిసు పార్టీ మంత్రివర్గ మేర్పరచెను. మరుసటి యేట చీరాల-పేరాల ప్రజలు పురపాలక సంఘపు పన్నుల కోర్వలేక, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి మాటపై ఇండ్లు విడిచి రామనగరమున పాకలు వేసికొనిరి. వెనువెంటనే పెదనందిపాడు ఫిర్కాలో, పర్వతనేని వీరయ్యచౌదరిగారి నాయకత్వమున, రైతులు శిస్తు నిరాకరించిరి. ఏ శిస్తు వలన వోటు వచ్చెనో ఆ శిస్తునే వలదనుట చిత్రము కాదా! ఈ సీమ రైతు తన యభిప్రాయమును పెట్టెలో వేయుటకు ముందే పెట్టె వెలుపల తెలిపెనని నా తలంపు. 1937లో 215 స్థానములలో 159 కాంగ్రెసునకు దక్కుటకు మూలము ఇట్టి పొలములలోనే వెదకవలెను.

1952 నాటికి 21 ఏండ్లు నిండిన వారికెల్ల వోటు వచ్చెను. అప్పుడు ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె, దానిపై గుర్తు. ఆంధ్రప్రాంతమున కమ్యూనిస్టులు 41 స్థానములు గెలిచి కాంగ్రెసును కలవరపెట్టిరి. 1955లో కథ తిరిగెను. నిడుబ్రోలు రంగాగారి కృషికార్ లోక్ పార్టీయు, ప్రజాపార్టీయు కాంగ్రెసుతో చేయి కలుపగా, ఆ కూటమి 196 స్థానములలో 146 గెలిచెను. కమ్యూనిస్టులకు నూటికి 31 వోట్లు పడియు, దక్కినవి 15 స్థానములే. ఎర్రగాలి పోయినదని పలువురు తలచిరి. గాలి పోలేదు, ఎదుటివారు ఏకమైరి.

1956లో సెలిగ్ హారిసన్ అను అమెరికా రచయిత, ఆంధ్ర కమ్యూనిస్టుల బలమునకు కులమే ఆయువుపట్టని వ్రాసెను. అందు కొంత నిజము కలదు, కొంత తొందర కలదు. ఒకే కులపు అన్నదమ్ములు ఒకడు రంగాగారి వెంట, ఒకడు ఎర్రజెండా వెంట నడిచిన యిండ్లు ఈ సీమలో లేకపోలేదు. ఆయన స్వదేశపు మాట యేమి? అచ్చటి అంతర్యుద్ధము 1865లో ముగిసెను. ఓడిన దక్షిణసీమ పల్లెలు, నడుమ కొలది కాలము తప్ప, దాదాపు నూరేండ్లు డెమొక్రాటిక్ పార్టీనే పట్టుకొని వ్రేలాడెను. ఆ కాలమున నల్లవారిలో పెక్కుమందిని పెట్టె దరికి రానీయలేదు.

మన పెట్టె దరికి అందరును వచ్చిరి. అయినను మాలమాదిగ పల్లెల వోటు ఆసామి చెప్పిన వైపే పడునని లెక్క వేయువారుండిరి. 1985 జూలై 17న పర్చూరు చేరువ కారంచేడులో ఆరుగురు దళితులు హతులైరి. బ్రతికినవారు చీరాల చేరిరి. ఆ యేటనే దళిత మహాసభ పుట్టెను. ఈ సీమ వోటు కథ చెప్పువాడు దీనిని దాటిపోరాదు. ఆ దినము తరువాత పల్లె వోటును ఊరి ఖాతాలో ముందుగా వ్రాసికొనుట యెవరికిని చెల్లలేదు.

1982లో తెలుగుదేశము పుట్టినది మొదలు సైకిలు ఇచ్చట గట్టిగా నాటుకొనెను. కాని వ్యక్తిని బట్టియు వోటు నడచును. దగ్గుబాటి వెంకటేశ్వరరావుగారు ఒకప్పుడు తెలుగుదేశము వారు. 2004, 2009లలో కాంగ్రెసు పక్షమున పర్చూరులో గెలిచిరి. వారే 2019లో వై.ఎస్.ఆర్. కాంగ్రెసు పక్షమున నిలిచి ఏలూరి సాంబశివరావుగారి చేత ఓడిరి. ఆ యేట రాష్ట్రమున 175లో 151 స్థానములు ఫ్యానుగుర్తువి; పర్చూరు మాత్రము ఎదురీదెను. 2014, 2024లలోను సాంబశివరావుగారే.

ఇక నన్ను బాధించు ముచ్చట యొకటి. కాగితపు చీటీలను పలు పెట్టెలవి కలిపి లెక్కించినచోట ఏ పేట యెటు వేసినదో తెలియకుండెడిది. 2004లో యంత్రములు వచ్చినవి. లెక్క శుద్ధముగా, త్వరగా తేలుచున్నది, మేలే. కాని కేంద్రము కేంద్రమునకు వేరుగా అంకెలు వెలువడును. పలు యంత్రముల మొత్తము కలిపి చూపు సాధనమును ఎన్నికల సంఘము 2008లో ప్రతిపాదించినను, అది ఆచరణలోనికి రాలేదు. కావున ఫలితము వచ్చిన మరునాడే, "మీ పేటలో మాకు పడినవి ఇన్నేనా?" అని నిలదీయువాడు సిద్ధము. బోరింగు, బాట, ఇంటిపట్టా అన్నియు ఆ అంకె చూచియే కదలునని పేదవాని భయము.

ఒకమారు నేను ఎన్నికల కొలువులో నుండగా, మిరపకోతల నుండి తిన్నగా వచ్చిన ముసలమ్మ యొకతె వేలికి సిరా పెట్టించుకొనుచు మెల్లగా అడిగినది: "పంతులుగారూ, నే నొక్కింది వాళ్లకు తెలుస్తదా?"

"నీవు నొక్కినది ఎవరికిని తెలియదమ్మా" అంటిని.

"మా పేటోళ్లం నొక్కింది?" అన్నది.

వెనుక వరుస పెరుగుచుండెను. ఆమెకు యంత్రమున్న మూల చూపితిని.