కుళాయికి హారతి

నీళ్ళకి కూడా ఇన్‌స్పెక్టరా తాతా అని నవ్వుతావేం? నవ్వు నవ్వు. రామచంద్రపురం సమితిలో నేను హెల్త్ ఇన్‌స్పెక్టరుగా చేరిన రోజున మా మేనత్త కూడా ఇలాగే నవ్వింది. "దొంగల్ని పట్టుకోడానికి ఇన్‌స్పెక్టరుంటాడు, బడికి ఇన్‌స్పెక్టరొస్తాడు. నీళ్ళేం నేరం చేశాయిరా?" అంది. నీళ్ళేం చెయ్యవు పాపం. చేసేదంతా మనుషులే. ఆ చేసింది ఎక్కడ చేశారో పట్టుకోవడమే నా ఉద్యోగం. ఆ కుంపటి కాస్త ఇటు జరిపి, దుప్పటి కప్పుకుని కూర్చో. ఇది ఒక్క నిమిషంలో తేలే ముచ్చట కాదు. ఆ ఫోను కూడా జేబులో పెట్టు.

మన డెల్టాలో నీటికి కరువు లేదంటారు చూశావా, అది పొలాల మాట. తాగే నీటి సంగతి వేరు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాటన్ దొర కాలువలు పారాక మన చేలన్నీ పచ్చబడ్డాయి. అయితే ఆ కాలువే చేనుకి, ఆ కాలువే పడవకి, ఆ కాలువే గేదెకి, ఆ కాలువే మన బిందెకి. పోనీ బోరు వేద్దామా అంటే చాలా ఊళ్ళల్లో ఉప్పు నీళ్ళు, లేదంటే గుడ్డ తడిపితే ఎర్రగా మరకపడే తుప్పు నీళ్ళు. అందుకని ఊరికో మంచినీళ్ళ చెరువు తవ్వుకుని, కాలువ నుంచి తూము పెట్టి నింపుకునేవారు. ఎండాకాలం మరమ్మతులకి కాలువలు కట్టేస్తారుగా, కట్టేసే లోపల చెరువు గట్టుదాకా నిండాలి. నిండకపోతే ఆ ఊరి పని అంతే. మళ్ళీ జూన్‌లో కొత్తనీరు వదలగానే ఆత్రంగా తూము ఎత్తేసేవాళ్ళు కొందరు. రెండు నెలలు ఎండిన కాలువలో పోగైన పెంటంతా ఆ మొదటి నీటితోనే వస్తుంది. "నాలుగు రోజులు ఆగండి బాబూ, ఆ నీరు పోనివ్వండి" అని నేను సైకిలేసుకుని ఊరూరా తిరిగి చెప్పేవాణ్ణి. "ఆయ్, అలాగేనండీ" అనేవారు. మన గోదావరి జిల్లాల్లో ఆ "ఆయ్" వినగానే పని అయిపోయిందనుకుంటే పొరపాటే. రాత్రికి రాత్రి తూము ఎత్తేవాళ్ళు.

ఆ చెరువు దగ్గర మర్యాదలుండేవి. చెప్పులేసుకుని గట్టెక్కకూడదు. ఇత్తడి బిందె చింతపండూ బూడిదా పెట్టి ఇంటి దగ్గరే తోముకుని రావాలి, రేవులో తోమకూడదు. బిందె మూతికి పల్చటి గుడ్డ కట్టి ముంచుకోవాలి. శ్రావణ భాద్రపదాల్లో గోదారికి ఎర్రనీరొస్తే మా అమ్మ కుండ లోపల ఇండుపగింజ అరగదీసి రాత్రంతా కదపకుండా ఉంచేది. తెల్లారేసరికి మట్టంతా అడుక్కి దిగి పైన నీరు తేటగా ఉండేది. గింజ దొరకనివాళ్ళు పటిక ముక్క తిప్పేవారు. ఆడమనిషి లేని ఇంటికి కావిడివాడు పోసేవాడు. నేను ఉద్యోగంలో చేరినప్పుడు కావిడి పావలా. ఆ పావలాకి హోటల్లో కాఫీ తాగి చిల్లర కూడా తెచ్చుకోవచ్చు కాబట్టి, కావిడి నీళ్ళు పోయించుకునే ఇల్లంటే కాస్త ఉన్న ఇల్లని లెక్క.

ఇక్కడే ఇంకో మాట చెప్పాలి, దాచకూడదు. ఆ మర్యాదల్లో ఒక పెద్ద అమర్యాద ఉండేది. పేటవాళ్ళు ఆ రేవులో కాలు పెట్టడానికి లేదు. గట్టు కింద బిందె పెట్టుకుని, ఎవరో ఒకరు దయతలచి పోసేదాకా ఎండలో నిలబడేవారు. 1927లో అంబేద్కర్ మహద్ చెరువులో దోసిట నీళ్ళు పట్టి తాగింది ఈ హక్కు కోసమే. 1955లో అంటరానితనం నేరమని చట్టమూ వచ్చింది. అయినా నేను చేరేనాటికి కూడా చాలా ఊళ్ళల్లో పేటకి విడిగా ఓ నేలబావి, అదీ ఊరి దిగువన, మురుగంతా పోయి చేరే చోట ఉండేది. నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటారు. ఆ బావి నీళ్ళల్లో ఏముందో తెలుసుకోడానికి నాకు దేవుడూ అక్కర్లేదు, పరీక్షా అక్కర్లేదు. వాంతులూ భేదాలూ వచ్చాయంటే ముందు కబురు ఆ పేట నుంచే వచ్చేది.

కలరా అంటే నీకు పుస్తకంలో మాట. మాకు అది పొద్దున్న మాట్లాడిన మనిషి సాయంత్రానికి లేకపోవడం. పెద్దాపురంలో మరిడమ్మ తల్లికి ఆషాఢంలో జాతర చేస్తారు చూశావా, ఆ భక్తి వెనక ఎంత భయముందో మా తరానికి తెలుసు. 1884లో కాక్ అనే జర్మన్ డాక్టరు కలకత్తాలో ఓ చెరువు నీళ్ళల్లోనే ఆ రోగపు పురుగుని పట్టుకున్నాడు. మన చెరువులాంటి చెరువే, అందులోనే స్నానాలు, అందులోనే బట్టలు, తాగేదీ అదే. 1939లో మద్రాసు పబ్లిక్ హెల్త్ చట్టం వచ్చాక చెడ్డ బావిని శుభ్రం చెయ్యమనీ, అవసరమైతే మూసెయ్యమనీ నోటీసివ్వడానికి ప్రభుత్వానికి చెయ్యి దొరికింది. మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పుడు నీటి పరీక్ష అంటే గిండీలో కింగ్ ఇన్‌స్టిట్యూటు పేరే చెప్పేవారు. రాష్ట్రం విడిపోయాక హైదరాబాదు నారాయణగూడలో ఐపీఎం, అదే ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్, పేరు వినిపించేది.

తీర్థాలప్పుడు చూడాలి మా అవస్థ. శివరాత్రికి కోటిపల్లి, ద్రాక్షారామం జనంతో నిండిపోయేవి. మా సీనియర్లు బస్సు దిగినవాణ్ణి దిగినట్టే పట్టుకుని కలరా ఇంజక్షను పొడిచిన కాలం చెప్పేవారు. సూది తప్పించుకోడానికి ఎడ్లబండిలో గడ్డికింద దూరినవాడు ఒకడట, పొలాలకడ్డంపడి నడిచొచ్చినవాడు ఒకడట. గోదారిలో మునిగితే సర్వపాపాలూ పోతాయని నమ్మినవాడు రోగం మాత్రం ఏ నీటితోనూ రాదనుకునేవాడు.

కోటిపల్లి అంటే గుర్తొచ్చింది. కాకినాడ నుంచి మన రామచంద్రపురం మీదుగా కోటిపల్లికి రైలుండేది, తెలుసా? రెండో యుద్ధంలో ఆ పట్టాలు పీక్కుపోయారు. మా నాన్న ఆ రైలెక్కాడు, నేను ఎక్కలేదు. ఉద్యోగమంతా సైకిలు మీదా, ఎర్రబస్సు మీదా, కాలువ గట్ల మీదా గడిచింది. మళ్ళీ రైలు కూత 2004లో వినపడింది, అప్పటికి నేను రిటైరయ్యాను. సరే, రైలు సంగతి ఇంకోసారి. బావి దగ్గరికి వద్దాం.

బావిలో బ్లీచింగు వెయ్యడం అంటే దోసెడు తీసి విసిరెయ్యడం అనుకుంటారు. కాదబ్బాయీ. ముందు తాడుకి రాయి కట్టి లోతు చూడాలి, వెడల్పు కొలవాలి, నీళ్ళెన్ని లీటర్లో లెక్క కట్టాలి. మా దగ్గర హారక్స్ పెట్టె అని ఒకటుండేది. అందులో ఆరు తెల్ల కప్పులు, ఒక నల్ల కప్పు. నల్ల కప్పులో బ్లీచింగు కలిపి, బావి నీళ్ళు పోసిన తెల్ల కప్పుల్లో మొదటిదాంట్లో ఒక చుక్క, రెండోదాంట్లో రెండు, అలా వేసుకుంటూ పోయి అరగంట ఆగాలి. ఆ తర్వాత గంజి మందు చుక్కలు వేస్తే ఎన్నో కప్పులో మొదట నీలం తేలిందో, 455 లీటర్లకి అన్ని చెంచాల బ్లీచింగన్నమాట. చెంచా అంటే రెండు గ్రాములు. దాన్ని బకెట్లో మీగడలా కలిపి, సున్నం అడుక్కి దిగాక, పై తేటని మాత్రం ఇంకో బకెట్లోకి వంచి, ఆ బకెట్ని చేదతో బావిలోకి దించి పైకీ కిందకీ ఆడించాలి. ఇదంతా రాత్రి అందరూ తోడుకున్నాక చెయ్యాలి. తెల్లారి నేను మళ్ళీ వెళ్ళి ఆర్థోటాలిడిన్ చుక్కలు వేసి చూసేవాణ్ణి. నీళ్ళు పసుప్పచ్చగా తిరిగితే క్లోరిన్ ఇంకా మిగిలి ఉందన్నమాట, లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. మిగిలింది ఎందుకూ అంటావేమో. నీ బిందె, నీ చెయ్యి, నీ గ్లాసు కూడా శుభ్రంగా ఉండాలిగా! వాటి సంగతి చూడడానికే ఆ మిగులు.

ఇంత చేస్తే జనం ఏమనేవారనుకున్నావు? "ఏవండీ ఇన్‌స్పెక్టరు గారండీ, మీరు మందు పోసినప్పట్నుంచీ మా ఇంట్లో కందిపప్పు ఉడకట్లేదండీ!" ఒక మామ్మగారైతే నేనొస్తున్నానని తెలిసి బావి పళ్ళెం మీద మంచం వేసుకుని పడుకుంది. ఆవిడ పక్కన కూర్చుని, ఆవిడ పెట్టిన మజ్జిగ తాగి, ఆవిడ కోడలి పురుళ్ళ కథ మొత్తం విన్నాకగానీ మంచం జరపలేదు. అలా వినడం కూడా ఉద్యోగమే. గదమాయిస్తే నేను వెళ్ళేదాకా ఊరుకుని ఆనక నీళ్ళన్నీ తోడి పారబోసేవారు.

పంచాయతీ ఆఫీసుల్లో బ్లీచింగు బస్తాలుండేవి. మూతి విప్పి, కిరసనాయిలు డబ్బా పక్కన, వానకి తడిసే మూల పెట్టేవారు. ముట్టుకుంటే తెల్లగానే ఉంటుంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఘాటు రాదు. బలమంతా గాలికి పోయి ఉత్త సున్నం మిగిలేది. ఆ సున్నం బావిలో పోసి, రిజిస్టర్లో టిక్కు పెట్టి, కడుపునొప్పి ఎందుకొచ్చిందని అడిగేవారు. మంత్రిగారు వస్తున్నారంటే మాత్రం కొత్త బస్తా విప్పి రోడ్డుకి రెండు వైపులా గీత గీసేవారు. ఆ గీత చూస్తే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. ఆ పొడి పడాల్సింది ట్యాంకులో.

కుళాయిలు వచ్చాక ఇంకో వేడుక. పరీక్షకి నీళ్ళు పట్టేముందు కుళాయి ముక్కుని స్పిరిట్ దూదితో కాల్చాలి, దాని మీదున్న క్రిములు సీసాలోకి రాకుండా. ఆ తర్వాత కాసేపు నీళ్ళు వదిలి, మరిగించి శుభ్రం చేసిన సీసాలో పట్టి, మూత లోపలి భాగం చేతికి తగలకుండా బిగించి, ఐసు డబ్బాలో పెట్టి ఆ రోజే పంపాలి. నేను దూదికి నిప్పంటించగానే వీధంతా మూగేది. "ఇన్‌స్పెక్టరు గారు కుళాయికి హారతిస్తున్నారర్రోయ్!" అని పిల్లలు కేకలు. ఒకావిడ నిజంగానే కొబ్బరికాయ పట్టుకొచ్చింది.

ఇక ఓ పంచాయతీ ప్రెసిడెంటు గారి సంగతి. ఊరి పేరు అడక్కు, చెప్పను. వాళ్ళ చెరువు గట్టు పక్కనే పశువుల పాకలు, వాన పడితే ఆ మురుగంతా చెరువులోకే. "మా తాతలనాటి నుంచీ తాగుతున్నాం, మాకేం కాలేదు" అనేవాడాయన. అయినవాళ్ళ సంగతి చెప్పడానికి వాళ్ళు లేరుగా. కాగితం మీద రిపోర్టు చూపిస్తే మడిచి జేబులో పెట్టుకునేవాడు. అప్పటికి గ్వాలియరులో రక్షణశాఖ పరిశోధకులు కనిపెట్టిన చిన్న సీసా పరీక్ష మా చేతికొచ్చింది. లోపల మందు పట్టించిన కాగితం ముక్క ఉంటుంది, నీళ్ళు పోసి వెచ్చటి చోట పెడితే, పేడా మలం తాలూకు క్రిములుంటే ఒకట్రెండు రోజుల్లో నల్లబడుతుంది. ఆయన చేతే చెరువు నీళ్ళు పోయించి, ఆయన బల్ల మీదే పెట్టించాను. మర్నాడు వెళ్ళేసరికి సీసా కాటుక నలుపు. ఆయన ఏం మాట్లాడలేదు. లోపలికెళ్ళి వాళ్ళావిణ్ణి పిలిచి చూపించాడు. వారం తిరక్కుండా పాకలు కదిలాయి, గట్టుకి ముళ్ళకంచె పడింది. నేనిచ్చిన నోటీసులన్నీ కలిపినా చెయ్యలేని పని ఆ సీసా చేసింది.

1986 ఆగస్టులో గోదారికి వరద వచ్చి ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడూ, 1996 నవంబరు 6 రాత్రి తుపాను కొబ్బరితోటల్ని పడగొట్టినప్పుడూ మాకు నిద్రల్లేవు. కరెంటు లేదు, ట్యాంకులెక్కవు, ఉన్నవి బావులే. బావిలో చచ్చిన కోడి, కొట్టుకొచ్చిన తాటాకు. ముందు తోడించడం, తర్వాత బ్లీచింగు, మళ్ళీ పరీక్ష. తుపాను పోయాక చచ్చేవాళ్ళు ఎక్కువ నీళ్ళ వల్లే చస్తారని మాకు మొదటి పాఠంగా నేర్పారు.

ఇప్పుడు నీ కాలం చూద్దాం. కాలువ పక్కన చేపల చెరువులు, రొయ్యల చెరువులు. వాటి మురుగు ఎక్కడికి పోతోందని అడిగితే మాది కాదంటే మాది కాదంటారు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాయం. ఇంటింటికీ ఇరవై లీటర్ల డబ్బా వస్తోంది. తియ్యగా ఉంది కాబట్టి మంచిదనుకుంటున్నారు. ఆర్వో నీళ్ళల్లో మిగులు క్లోరిన్ ఉండదు. డబ్బా కడగకపోతే, మూత తీసిన చెయ్యి మురికిదైతే, కాపాడేది ఏదీ లేదు. నాలుక ఉప్పుని కనిపెడుతుంది, రోగాన్ని కనిపెట్టలేదు. ఆ డబ్బా ఎప్పుడు కడిగారో అడిగినవాణ్ణి ఒక్కణ్ణి నాకు చూపించు.

మంచి సంగతి కూడా ఉంది. 2019లో జల్ జీవన్ మిషన్ వచ్చాక ఊరికి ఐదుగురు ఆడవాళ్ళకి పరీక్ష పెట్టె ఇచ్చి నేర్పాలని పెట్టారు. ఒకప్పుడు నాకోసం వారాల తరబడి ఎదురుచూస్తేగానీ జరగని పరీక్ష ఇప్పుడు వాళ్ళ చేతుల్లోకే వచ్చే వీలుంది. మీ ఊళ్ళో ఆ పెట్టె ఎవరి దగ్గరుందో కనుక్కో. బీరువాలో ఉందంటే బయటికి తీయించు.

నిద్రొస్తోందా? ఇంకొక్క మాట. ఏప్రిల్‌లో కాలువలు కట్టేసే ముందు మీ చెరువు నిండిందో లేదో గట్టెక్కి చూడు. ట్యాంకు ఎప్పుడు కడిగారో దాని మీద తేదీ రాయాలి, అది చదువు. తేదీ పాతదైతే, అసలు తేదీయే లేకపోతే, పంచాయతీ ఆఫీసుకి నువ్వే వెళ్ళి అడుగు. అడిగేవాడు ఒక్కడున్న ఊళ్ళో ట్యాంకు టైముకి కడిగేవారు. నా ఉద్యోగం పొడుగునా అది చూశాను.