కొసైన్ సూత్రమూ, ఆలూరు రోగీ

1953 అక్టోబరు 1న ఆలూరు తాలూకా బళ్ళారి జిల్లానుంచి విడివడి ఆంధ్రరాష్ట్రంలో చేరింది. సరిహద్దు మారినా మా రోగుల దారి మారలేదు. నడుమునొప్పితో మంచంపట్టిన మా పెద్దనాయనను ఎం.ఆర్.ఐ. పరీక్షకు నేను బళ్ళారికే తీసుకుపోయాను. నొప్పికి తాళలేక ఆయన కదిలాడు. పరీక్ష మళ్ళీ మొదలయింది. "బొమ్మ తీసేదానికి ఇంతసేపేమిరా?" అన్నాడు. ఆ ప్రశ్నకు ఒక చరిత్ర ఉన్నది.

ఆ యంత్రం నేరుగా బొమ్మ తీయదు. శరీరంలోని హైడ్రోజన్ కేంద్రకాల స్పందనను అలలుగా, ఒక వరుస తర్వాత ఒక వరుసగా కొలుస్తుంది. ఆ అలల మొత్తమే బొమ్మ. అందుకే ఆలస్యం.

అయితే అన్ని అలలూ అవసరమా? బెంగుళూరులో పుట్టిన నాసిర్ అహ్మద్ 1972లో, బొమ్మలను కొద్దిపాటి కొసైన్ అలలతో చెప్పవచ్చునని అమెరికా ప్రభుత్వ సంస్థను పరిశోధనకు ధనమడిగాడు. ఆలోచన మరీ సామాన్యమని తోసిపుచ్చారు. ఆయన, శిష్యుడు నటరాజన్, మిత్రుడు కామిశెట్టి రామమోహనరావు కలిసి 1974 జనవరిలో దానిని ప్రకటించారు. 1992నాటి జేపెగ్ ప్రమాణానికి అదే పునాది. కల్లంలో కొర్రలు తూర్పారబట్టినట్లు, గట్టిగింజలను ఉంచి పొట్టును వదిలివేయడం దాని పని.

2006లో కాందెస్, రోంబెర్గ్, టావ్, డొనొహో మరొక మెట్టు ఎక్కారు: పారబోసే పొట్టును కల్లానికి తేవడమెందుకు? చెదురుగా కొన్ని కొలతలే తీసి, వాటితో పొసగే బొమ్మలలో అతి తక్కువ అలలతో చెప్పగలిగినదానిని గణితంతో వెదకవచ్చు. 2007లో లస్టిగ్ బృందం దీనిని ఎం.ఆర్.ఐ.కి అన్వయించింది. కొసైన్‌కు తోడు వేవ్‌లెట్లూ, 2011 నాటికి బొమ్మలనుంచే నేర్చుకున్న అలల నిఘంటువులూ వచ్చాయి. 2017లో ఈ పద్ధతిగల యంత్రాలకు అమెరికాలో అనుమతి లభించింది.

ఇక్కడ మన మిత్రులు కొందరు తృప్తిపడి ఆగిపోతారు. నేను ఆగలేను. సూత్రం పత్రికలో అచ్చయి అందరిదీ అయింది. యంత్రం మాత్రం యజమానిది. ఆదా అయిన నిమిషాలతో రోగి రుసుము తగ్గవచ్చు. లేదా గంటకు మరిద్దరి రుసుము యజమాని పెట్టెలో పడవచ్చు. ఏది జరుగుతుందో గణితం నిర్ణయించదు.

యంత్రాన్ని నిందించడం పొరపాటు. నొప్పితో కదిలిన కూలిమనిషికి ఆ నిమిషాలే దయ. ప్రభుత్వాసుపత్రిలో, ఆలూరు మనిషికి అందే దూరంలో, ఆ నిమిషాలు దక్కాలని అడగడమే మన పని. కోరిక మరీ సామాన్యమంటారేమో! 1972లోనూ అదే మాట అన్నారు.